బస్సు ఫోటో పెట్టే అన్న

నంద్యాలలో మా శిల్పాల కంపెనీ ఆఫీసులో సర్వర్ చూసుకునే అన్న ఒకాయన ఉండేవాడు. పొద్దున రాంగానే, జరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు సర్వర్ మీద అరచెయ్యి పెట్టేవాడు. ఆ చేతికి ఏం తెలిసేదో మాకు ఇప్పటికీ తెలీదు. రోజూ మెయిల్ డేటాబేస్ హద్దు దగ్గరికొచ్చిందంటూ అందరికీ ఒక మెయిల్ కొట్టేవాడు: "బస్సు నిండిందప్పా. పాత మెయిళ్లను దింపండి." దాని కింద, టాపు మీద కూడా జనం కూర్చున్న ఆళ్లగడ్డ బస్సు ఫోటో.

ఒకరోజు హద్దు దాటనే దాటింది. మెయిళ్లు రావడం ఆగిపోయింది. ఆళ్లగడ్డ నుంచి మా శిల్పి ఫోన్ చేశాడు.

"ఏందప్పా, అమ్మవారి ముఖం చెక్కల్లనా వద్దా? విగ్రహం చేయించుకునే పార్టీ ఒప్పుకున్న మెయిల్ యాడ? ఉలి పట్టుకోని కూర్చోనుండా!"

అన్న మామీద మండిపడ్డాడు. "మీ విగ్రహాల ఫోటోలే సర్వర్‌ను తింటాండాయి!" అని తిడతానే, జాగా ఎక్కువ తింటున్న మెయిళ్ల లిస్టు తెరిచాడు. మేమంతా ఆయన భుజాల మీద పడి చూశాం.

పైనుంచి కిందిదాకా బస్సే. రోజుకొకటి, అందరి మెయిల్ బాక్సుల్లో, ఏళ్ల తరబడి.

మొదట నవ్వింది ఆయనే, కుర్చీలోంచి జారిపోయేంత. మాకూ నవ్వి నవ్వి కడుపునొప్పి. బస్సులన్నీ చెరిపేశాక పార్టీ మెయిల్ వచ్చింది. ఆయన ఆళ్లగడ్డకు ఫోన్ చేసి, "చెక్కప్పా, బస్సు కదిలింది" అన్నాడు.

మర్నాటి నుంచి హెచ్చరిక మెయిళ్లు మానేశాడు. ఒక్కో టేబుల్ దగ్గరికి తానే నడిచొచ్చేవాడు, ఆ బస్సు ఫోటో ప్రింటు తీసి చేతిలో పట్టుకొని.