నాందేడ్ గోదారి ఒడ్డున అద్దె ఇల్లు: మూడు పేటలు, ఒక అత్తమ్మ

సముద్రం పక్కన ఇల్లు తీసుకునేవాళ్ళ కోసం రాసేవాళ్ళు బోలెడుమంది. గోవాలో ఏ బీచ్ దగ్గర రాత్రి సందడి ఎక్కువ, విశాఖలో ఏ వీధిలో కూరగాయలు చవక, అన్నీ దొరుకుతాయి. నాందేడ్‌లో గోదారి ఒడ్డున ఎక్కడ ఉంటే బాగుంటుందో రాసినవాళ్ళు మాత్రం నాకు ఒక్కరూ కనిపించలేదు. మాకున్న బీచ్ అదొక్కటే కాబట్టి నా తంటాలేవో నేనే రాస్తున్నాను. నేను నర్సును. మాది ధర్మాబాద్ తాలూకా కర్ఖేలి, తెలంగాణ సరిహద్దుకు దగ్గర. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో ఏది నోటికొస్తే అది. పోయిన ఫిబ్రవరిలో నాకు నాందేడ్ వజీరాబాద్‌లోని ఒక దవాఖానలో ఉద్యోగం వచ్చింది. ఒక వారం పొద్దున డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. మా ఆయన పత్తి, సోయాబీన్ వదిలి రాలేడు. పాప సహస్రకు ఏడేళ్ళు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు దానికి తోడుండాల్సింది మా అత్తమ్మే. ఆమె రాకపోతే ఈ ఉద్యోగం లేనట్టే. సోమవారం లోపల జవాబు చెప్పమన్నారు. అత్తమ్మ రానని అనలేదు, వస్తాననీ అనలేదు. "ముందుగాల ఇల్లు చూపియ్యి" అంది. అలా శనివారం పొద్దున పాపను మా ఆయన దగ్గర వదిలి ఇద్దరం బయల్దేరాం.

కర్ఖేలి నుంచి పొద్దున ప్యాసింజర్ ఎక్కితే గంటన్నరలో నాందేడ్. టికెట్లు ఇద్దరికీ కలిపి అరవై లోపే. ముద్‌ఖేడ్ జంక్షన్లో బండి కాసేపు ఆగుతుంది. అక్కడ పూల గంపలతో ఆడవాళ్ళు ఎక్కుతారు, డబ్బా అంతా వాసనే. అత్తమ్మ వాళ్ళలో ఒకామెను పలకరించింది. నాందేడ్ వచ్చేలోపు ఆమెకు ఎంతమంది పిల్లలో, ఏ కోడలు మాట వినదో అన్నీ తెలుసుకుంది. మా అత్తమ్మ అంతే. ఊళ్ళో కూడా దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండదు, ఎవరి గడప దగ్గరో కూర్చుని ఉంటుంది. అరవై ఏళ్ళు వచ్చినా ఈ తిరుగుడేమిటని నాకు లోలోపల విసుగు. పైకి అనలేదు గానీ ఆ విసుగు నాకు ఉండేది, దాచడం ఎందుకు.

స్టేషన్ బయట సలీం భాయ్ అనే ఆటో ఆయనతో సాయంత్రం దాకా తిప్పడానికి ఏడు వందలకు బేరం కుదుర్చుకున్నాను. మొదట విష్ణుపురి. ఊరికి ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు. డ్యామ్ వల్ల గోదారి అక్కడ నిండుగా, వెడల్పుగా ఉంటుంది. గాలి చల్లగా తగులుతుంటే నిజంగా ఏదో బీచ్‌కి వచ్చామనిపించింది. అపార్టుమెంట్లు కొత్తవి, నీళ్ళకు ఇబ్బంది లేదన్నారు. యూనివర్సిటీ దగ్గర కాబట్టి సాయంత్రాలు టీ కొట్ల నిండా కుర్రకారే ఉంటారట. చదువుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నాకు మాత్రం డ్యూటీ అయ్యాక అంత దూరం ఎలా రావాలన్నది గుబులు. షేర్ ఆటో తలకు ముప్పై అడుగుతారు, పొద్దుపోయాక అదీ నమ్మకం లేదు. అత్తమ్మ నాలుగో అంతస్తు నుంచి కిందికి చూసి, "గీడికెల్లి పిలిస్తే ఎవలన్న పలుకుతరా?" అని అడిగింది. ఇల్లు చూపించిన అబ్బాయి నవ్వి ఇంటర్‌కమ్ ఉందన్నాడు.

రెండోది కౌఠా, నది అవతలి ఒడ్డు. వంతెన దాటితే వజీరాబాద్ పది నిమిషాలే. వెడల్పైన రోడ్లు, కొత్త కాలనీలు, చెట్లు. అక్కడ చూసిన ఇల్లు నా మనసులో పడిపోయింది. కింది అంతస్తు, రెండు పడకగదులు, వంటింట్లోకి ఎండ, సహస్ర సైకిల్ తొక్కుకోవడానికి వాకిలి, అద్దె ఎనిమిది వేలు. గిన్నెలు ఎక్కడ సర్దాలో కూడా నిర్ణయించేశాను. అత్తమ్మ గోడ మీంచి అటూ ఇటూ చూసింది. ఒక పక్క ఖాళీ ప్లాటు. ఇంకో పక్క ఇంటివాళ్ళు పుణెలో ఉంటారు, పండగలకు వస్తారు. "మంచిగనే ఉంది" అంది అత్తమ్మ. ఆమె నోట ఆ మాట ఎంత చప్పగా వచ్చిందో నాకు అప్పుడు వినపడలేదు.

మూడోది సిక్కుల గురుద్వారాకూ, గోదారి మీది నగీనా ఘాట్‌కూ మధ్య ఉన్న గల్లీల్లో ఒకటి. నిజం చెప్పాలంటే ఊరికే లెక్కకు చూశాను. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు, రెండే గదులు, నీళ్ళు రోజు విడిచి రోజు. కింద కడియాల దుకాణం, ఎదురుగా జిలేబీ బాణలి. ఇంటి యజమాని సుమన్‌తాయి అనే మరాఠీ ఆవిడ, అత్తమ్మ ఈడుదే. మంచి టీ ఇచ్చింది. సాయంత్రం ఏడింటికి లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే వంటశాలలో, రొట్టెలు చేయడానికి వెళ్తానని, గల్లీ ఆడవాళ్ళు చాలామంది వస్తారని చెప్పింది. నేను టైము చూసుకుంటున్నాను. మా ఊరి బండి ఆరు దాటాక ఉంది.

స్టేషన్‌కు ముందే చేరాం. నేను ప్లాట్‌ఫాం మీద కౌఠా ఇంటి యజమాని నంబరు వెతుకుతున్నాను. బండి వచ్చి ఆగింది. అత్తమ్మ బెంచీ మీంచి లేవలేదు.

"అత్తమ్మా, బండి అచ్చింది. లేవుండ్రి."

"పోనీ తియ్."

"పోనిచ్చుడేంది? మల్ల పొద్దుగాల దాక బండి దొరకది మనకు."

"కూసో బిడ్డా" అంది. "దవాఖానకని, చీరలకని ఈ ఊరికి నలభై ఏండ్ల సంది అస్తున్న. ఎప్పుడచ్చినా గీ బండికే మర్లిపోయిన. నాందేడ్ల పొద్దుగూకినంక ఎట్లుంటదో ఇయ్యాల్టికి నేను చూల్లే. చూడకుంట ఉంటనని ఎట్ల చెప్పాలె?"

నేను బండి వైపు చూస్తున్నాను. ఆమె గొంతు తగ్గించింది. "మీ మామ పోయినంక నాకు పగటీలి ఏం గాదు. పనిల పడిపోత. దీపం వెట్టినంక ఇల్లు మీద వడ్డట్టయితది, ఊపిరాడది. గందుకే ఊర్ల ఎవల గడపకన్న పోయి కూసుంట. నువ్వు డ్యూటీకి పోయినవంటే ఆ మంచి ఇంట్ల నేను, పోరి, నాలుగు గోడలు. భయమయితది నాకు."

మామ పోయి రెండేళ్ళు. ఈ రెండేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, నర్సునై ఉండి, ఆమె సాయంత్రాలు ఎందుకు బయటికి వెళ్తోందో ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుగా అనిపించింది. బండి కదిలింది. మా ఆయనకు ఫోన్ చేసి బండి పోయిందని చెప్పాను. "తప్పిపోయిందా?" అన్నాడు. "లేదు, మేమే పోనిచ్చినం" అన్నాను.

సలీం భాయ్ ఇంకా స్టేషన్ బయటే ఉన్నాడు. సంగతి విని, "ఘర్ తో శామ్ కో దేఖ్‌నా, బహెన్" అన్నాడు, ఇల్లు చూడాల్సింది సాయంత్రమేనని. ఇంకో రెండు వందలకు ఒప్పుకున్నాడు. మొదట కౌఠాకే వెళ్ళాం. ఆ పేటకు అన్యాయం చేయకూడదు. వీధి దీపాలు చక్కగా వెలుగుతున్నాయి, జంటలు వాకింగ్ చేస్తున్నారు, ఎక్కడా గొడవ లేదు. పగలంతా పనిచేసి ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. అత్తమ్మ ఆ ఇంటి గేటు ముందు పది నిమిషాలు నిలబడింది. ఎవరూ పలకరించలేదు. ఎదుటి ఇళ్ళలోంచి టీవీల చప్పుడు మాత్రం వచ్చింది. పొద్దున అత్తమ్మ గొంతులోని ఆ చప్పదనం ఈసారి నాకూ వినిపించింది.

అక్కణ్ణుంచి ఘాట్ గల్లీకి వచ్చేసరికి ఏడు దాటింది. పగలు ఇరుకుగా కనిపించిన వీధి ఇప్పుడు సందడిగా ఉంది. జిలేబీ కొట్టు ముందు మంది, ఘాట్ వైపు పిల్లలతో వెళ్ళే కుటుంబాలు, దేశంలో ఎక్కడెక్కణ్ణుంచో వచ్చిన యాత్రికులు, అరుగుల మీద ఆడవాళ్ళు. సుమన్‌తాయి తలుపు వేసుకుని అప్పుడే బయల్దేరుతోంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు, "చలా" అంది, పదండని. తల మీద కొంగు కప్పుకుని, చేతులు కడుక్కుని ఆమె వెంట లంగర్‌లోకి వెళ్ళాం. పెద్ద పెనం చుట్టూ పాతికమంది ఆడవాళ్ళు. అత్తమ్మకు పిండి ముద్ద, రొట్టెలు ఒత్తే బేలన్ కర్ర ఇచ్చారు. ఆమె బేలన్ పక్కన పెట్టి, మా ఊళ్ళో జొన్నరొట్టె చేసినట్టు ఆ గోధుమ ముద్దను అరచేతుల మధ్య తట్టడం మొదలుపెట్టింది. అది రొట్టె కాలేదు, మ్యాపు అయింది. చుట్టూ నవ్వులు. అత్తమ్మ కూడా నవ్వింది. అంత గట్టిగా నవ్వడం రెండేళ్ళలో నేను వినలేదు. పక్కనున్నామె బేలన్ ఎలా పట్టుకోవాలో చూపిస్తూ మరాఠీలో అడిగింది, "మావ్‌శీ, కుఠే రాహతా?" ఎక్కడ ఉంటారని.

అత్తమ్మ నా వైపు చూడలేదు. పిండి మీంచి తల కూడా ఎత్తలేదు. "ఇథేచ్, యా గల్లీత్" అంది. ఇక్కడే, ఈ గల్లీలోనే అని.

ఆ రాత్రి దగ్గర్లోని యాత్రీ నివాస్‌లో ఆరు వందలకు గది తీసుకుని, పొద్దున సుమన్‌తాయికి అడ్వాన్సు ఇచ్చి ఊరికి బండెక్కాం. ఇప్పటికి ఏడు నెలలు. మెట్లు ఎక్కుతూ నేను రోజూ తిట్టుకుంటాను, నీళ్ళ రోజు బకెట్లతో కుస్తీ పడతాను, కౌఠా వంటింట్లో ఎండ ఇంకా గుర్తొస్తుంది. అయినా ఎవరైనా అడిగితే ఒకటే చెప్తాను. మాలా రైల్లో వచ్చిపోయేవాళ్ళం ఇళ్ళను పగలే చూస్తాం, కానీ ఇంట్లో ఉండేది ఎక్కువ సాయంత్రాలే. కాబట్టి వెళ్ళే రోజు తిరుగు టికెట్ కొనకండి. ఇల్లు నచ్చాక రాత్రి ఏడున్నరకు మళ్ళీ వెళ్ళి, ఆ ఇంట్లో ఎక్కువసేపు ఎవరుంటారో వాళ్ళనే గేటు ముందు పది నిమిషాలు నిలబెట్టండి. నిర్ణయం వాళ్ళకే వదిలేయండి. మధ్యాహ్నం డ్యూటీ వారంలో నేను ఏడింటికి వార్డు నుంచి ఇంటికి ఫోన్ చేస్తాను. అత్తమ్మా ఎత్తదు, సహస్రా ఎత్తదు. మోగి మోగి ఆగిపోయాక, హాయిగా నా పని చూసుకుంటాను.