దొర పోలిక

నా చిన్నప్పుడు, కువైట్‌లో, మా పెదనాన్నకు ఒకటే పిచ్చి. మూడు వందల ఏళ్ళ కిందట బందరు రేవులో దిగిన డచ్చి దొర మా మూలపురుషుడట. ఊళ్ళో చర్చి రిజిస్టర్లు తిరగేయించి, దొర పిల్లలు మొదలుకొని మా దాకా అందరినీ అట్ట మీద చెట్టులా గీయించి అబూ హలీఫాలోని ఫ్లాట్ గోడకు తగిలించాడు. నాన్న పోయాక అమ్మా నేనూ ఆయన దగ్గరే ఉండేవాళ్ళం. నావి పిల్లికళ్ళు, రాగిజుట్టు. ఇంటికెవరొచ్చినా నన్ను పిలిచి, దొర పోలికంతా దీనికే వచ్చిందని మురిసిపోయేవాడు. కింది వాటాలో ఉండే రాయచోటి అక్క పలకరిస్తే మాత్రం మొహం తిప్పుకునేవాడు. ఇళ్ళలో పనిచేసే మనిషితో మనకేమిటనేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఇరాక్ సైన్యం వచ్చిపడింది. తెల్లవాళ్ళు కనబడితే పట్టుకుపోతున్నారని తెలియగానే పెదనాన్న ఆ అట్ట దింపి మంచం కిందికి తోసేశాడు.

ఒకరోజు అమ్మ ఆసుపత్రిలో డ్యూటీలో ఉంటే, ఆయన నన్ను వెంటబెట్టుకుని రొట్టెల వరసలో నిలబడ్డాడు. ఒక సైనికుడు నా గడ్డం పట్టి కళ్ళలోకి చూసి, ఈ పిల్ల ఎవరిదని గద్దించాడు. నేను పెదనాన్న వైపు చూశాను. ఆయన తల వంచుకుని ఒక అడుగు పక్కకు జరిగాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సైనికుడు నా రెక్క పట్టుకుని ట్రక్కు వైపు లాగాడు.

ఆడవాళ్ళ వరసలోంచి రాయచోటి అక్క పరుగెత్తుకొచ్చి నా వీపు మీద ధబీమని ఒకటి వేసింది.

"యాడికి పోతాండావే? నా పక్కన నిలబడమంటే ఈడికొచ్చి సచ్చినావా?"

నేను అమ్మో, కొట్టొద్దని తెలుగులోనే బావురుమన్నాను. అక్క సైనికుడితో "బింతీ, బింతీ" అని, నేను తన కూతురినేనని అరబ్బీలో మొత్తుకుంది. అతను నా ఏడుపు విని నవ్వి, ఇండియా పిల్లేలెమ్మని వదిలేశాడు.

సందు తిరిగాక అక్క నా వీపు నిమిరింది. "ఊరోళ్ళ బిడ్డను ఎవురూ అట్ల కొట్టరు తల్లీ. తల్లే కొడ్తాది. వాడు నమ్మాల గదా."

పెదనాన్న ఇంటికొచ్చి, తానే మాట్లాడి విడిపించానని అమ్మకు చెప్పుకున్నాడు. ఇండియా చేరిన నెలకే సిగ్గు లేకుండా ఆ చెట్టును మళ్ళీ గోడకెక్కించాడు.

నేను మాత్రం ఏ స్టేషన్‌లోనైనా, ఆసుపత్రిలోనైనా ఎవరి పిల్లవే నువ్వని ఒంటరి పిల్లను ఎవరైనా గద్దిస్తే, ఆగి ఆలోచించను. నా పిల్లే అంటాను. వంశం సంగతి తర్వాత చూసుకోవచ్చు.