కంచం ముందు కరెంటు బిల్లు

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే కుటుంబం మాది. ఆ పని నేర్చుకోవడానికి ఇటలీ నుంచి వచ్చిన ఒకావిడ మా మేడగదిలో అద్దెకుంది. ఆ నెల కరెంటు బిల్లు రెట్టింపైంది. ఆమె తన వాటాగా ఎంతిస్తుందో అడగాలని, ఫోన్లో చూసి ఇటాలియన్‌లో నాలుగు మాటలు బట్టీపట్టాను. మర్చిపోతానన్న భయంతో, ఆమె మా ఇంట్లో భోంచేస్తుండగానే అడిగేశాను.

ఆమె నోటిదాకా వచ్చిన ముద్దను కంచంలో పెట్టేసి, పర్సు కోసం లేచింది.

ఏమడిగానో నాచేత చెప్పించుకుని అమ్మ మండిపడింది. “అన్నం తినే మనిషిని బిల్లు అడుగుతారా? బుద్ధుండాదా నీకు?” అంటూ ఆమెను కూర్చోబెట్టి, తనే అన్నం కలిపి నోటికందించింది. ఆమె ఏడుస్తూనే తినింది.

పని నేర్చుకుని తన దేశం వెళ్తూ తను చేసిన మొదటి గరిటె అమ్మకిచ్చింది. వంకరది. పప్పు సగం కిందే ఒలుకుతుంది. అయినా ఇంటికెవరొచ్చినా అమ్మ దాంతోనే వడ్డిస్తుంది. నాకేమో, ఆవిడ వదిలేసిన ఆ ముద్దే గుర్తొస్తుంది.