మబ్బు కిందికి దిగినవాడు

అతని విమానానికి తుపాకులుండేవి కావు. వాటిని పీకేసి, ఆ బరువుకు బదులు పెట్రోలు నింపేవారు. కడుపులో కెమెరాలు బిగించేవారు. ఒంటరిగా పోవాలి, శత్రువు నెత్తిమీద నుంచి ఫొటోలు తీయాలి, ఎవడైనా వెంటపడితే తోక ముడిచి రావాలి. యుద్ధంలో అదీ అతని ఉద్యోగం.

బావకి ఇది ఎగతాళికి మంచి సరుకు. బావ అంటే అక్క మొగుడు, కాల్బలంలో సిపాయి. ఇద్దరూ ఒకేసారి సెలవు మీద వస్తే అక్క వడ్డన మరిచిపోయి వాళ్ళ గొడవ వింటూ నిలబడేది.

"యుద్ధానికెళ్ళి ఫొటోలు తీస్తావా? ఆ పనేదో పెళ్ళిళ్ళలో చేసుకుంటే కడుపు నిండా భోజనమైనా పెడతారు కదరా!"

"నా ఫొటో చూస్తేగానీ ఎటు పరుగెత్తాలో నీకు తెలీదు బావా."

"పరుగెత్తడంలో నీకంటే గురువెవడున్నాడులే!"

అమ్మా నాన్నా పోయాక అతన్ని సాకింది ఆ ఇద్దరే. బావ నోరు ఎంత దురుసో మనసంత మెత్తన. బావమరిదికి పైలట్ ఉద్యోగం వచ్చిన రోజున వీధి వీధీ తిరిగి చెప్పుకున్నది ఆయనే.

అలాంటి ఒక సెలవు అయ్యాక బావ శత్రువుకి చిక్కాడు. బతికే ఉన్నాడని కబురొచ్చింది కానీ ఎక్కడున్నాడో చెప్పేవాళ్ళు లేరు.

"పైనుంచి అన్నీ చూస్తావుగా, ఆయనెక్కడున్నాడో చూడరా" అంది అక్క.

పిచ్చిమాటని ఇద్దరికీ తెలుసు. అయినా ఎగిరినప్పుడల్లా అతని కళ్ళు వెతుకుతూనే ఉండేవి. అంత ఎత్తు నుంచి ఊళ్ళకు ఊళ్ళే అగ్గిపెట్టెల్లా కనిపిస్తుంటే మనిషెక్కడ దొరుకుతాడు?

ఒకనాడు శత్రువుల రైల్వే జంక్షన్ ఒకటి ఫొటో తీసి తెమ్మన్నారు. తీరా వెళ్తే దట్టంగా మబ్బు. ఉత్త చేతులతో తిరిగొచ్చినా ఎవరూ తప్పుపట్టరు. అతను మబ్బు చీల్చుకుని కిందికి దిగాడు. తూటాలు లేచి రెక్కకు చిల్లులు పొడిచాయి. విమానం వంగితే ఫొటో చెదురుతుంది కనుక పళ్ళ బిగువున తిన్నగా పోనిచ్చాడు. పట్టాల మీద మూసిన గూడ్సు పెట్టెలు బారుగా ఉన్నాయి. వాటి పక్కన కాపలావాళ్ళు.

తిరిగొచ్చాక, ఫొటోలు పరిశీలించే గదిలో అధికారి భూతద్దం మీంచి తలెత్తాడు.

"మూసిన పెట్టెలు, చుట్టూ ఇంత కాపలా. మందుగుండేనంటావా?"

"ఇంకేముంటుంది సార్" అన్నాడతను. చలికి వేళ్ళింకా కొంకర్లు పోయే ఉన్నాయి. ఎవరైనా వేడి టీ ఇస్తారేమోనని తలుపు వైపు చూస్తున్నాడు.

మర్నాడు బాంబులు వేసే విమానాలు వెళ్ళాయి. నాశనమెంతో చూసి రమ్మని మళ్ళీ అతన్నే పంపారు. పట్టాలు తాళ్ళలా మెలిపడి ఉన్నాయి. పెట్టెల జాడ లేదు. ఆ పనికి పతకమిచ్చారు. అక్క దాన్ని కళ్ళకద్దుకుని, "మీ బావ వచ్చి చూసి కుళ్ళుకోవాలి" అంది.

యుద్ధం ముగిసింది. బావ రాలేదు. ఆయన జట్టువాడొకడు చంకకర్రతో ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ముందుగదిలో అక్కాతమ్ముళ్ళకెదురుగా కూర్చున్నాడు.

"మమ్మల్ని వేరే శిబిరానికి మారుస్తూ గూడ్సు పెట్టెల్లో కుక్కారమ్మా. జంక్షన్లో ఆపేసి తలుపులు తియ్యలేదు. అప్పుడు మబ్బుల్లోంచి ఊడిపడ్డట్టు ఒక విమానమొచ్చింది. చెక్కల సందులోంచి చూస్తే రెక్క కింద మన గుర్తు! మీ ఆయన ఎగిరి గంతేశాడు. 'ఇంత కిందికొచ్చే మొండివాడు మా బావమరిది ఒక్కడే. మనల్ని చూసేశాడ్రా, ఇక బయటపడ్డట్టే!' అన్నాడు. పెట్టెలో ఇక పాటలే పాటలు."

వచ్చినవాడు చంకకర్ర ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మర్నాడు మనవాళ్ళే వచ్చారు. నేను మూలనున్నాను, పేలుడు నన్ను బయటికి విసిరేసింది. ఆయన ఆ సందు దగ్గరే ఉన్నాడమ్మా, పైకి చూస్తూ."

అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వేనా?"

ఆ పనిమీద తిరిగిన పైలట్లు ఇంకా ఉన్నారని అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నేనే" అన్నాడు.

"చూడమన్నది నేనే కదరా. చూశావు."

అక్క లేచింది. బట్టలు సర్దుకుని అత్తగారింటికి వెళ్ళిపోయింది.

పతకం వాపసు ఇవ్వబోతే ఆఫీసులో గుమాస్తా జాలిపడ్డాడు. "పోగొట్టుకుంటే కొత్తది ఇప్పించగలం గానీ, వెనక్కి తీసుకునే ఏర్పాటు లేదండీ."

విమానాలు నడపమని కంపెనీలు పిలిచాయి. అతను పోలేదు. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేరాడు. సెలవు దొరికినప్పుడల్లా అక్క దగ్గరికి వెళ్ళేవాడు. ఆమె తలుపు తీసేది, కంచం పెట్టేది. "ఇంకొంచెం వెయ్యనా?" అనేది. అంతే, పరాయివాడికి పెట్టినట్టు. ఒకసారి అతను తింటూ తింటూ చెయ్యి ఆపాడు.

"తిట్టక్కా. ఒక్కసారి నోరారా తిట్టు."

"తిడితే నీకు తేలికపడుతుంది. నాకేం ఒరుగుతుంది?" అంటూ కంచం తీసేసింది.

జుట్టు నెరిసేదాకా అతను ఆ గడప తొక్కుతూనే ఉన్నాడు. ఆమె ఏనాడూ పెట్టకుండా పంపలేదు. పోయేదాకా తిట్టనూ లేదు.