మొప్ప ఎత్తి చూపిన గిటారు

ఆయనది సముద్రపొడ్డున చమఖండిలో చేపలమ్మే ఇల్లు. బరంపురం పెళ్ళిళ్ళలో గిటారు వాయించేవాడు. తన పాత ఎలక్ట్రిక్ గిటారు అమ్ముతున్నాడని తెలిసి ఆ ఊళ్ళోనే లంజిపల్లిలోని ఆయన గదికి వెళ్ళాను. నేను అడగకముందే దాని వెనక మూత విప్పేశాడు.

"మొప్ప ఎత్తి సూపకుండా మావోళ్ళు సేప అమ్మరు తమ్ముడూ. ఈ వైరింగు నాను సేసిందే. తీగల మోత పట్టే ఈ పికప్పులు ఏరే గిటారువి. మెడ ఇరిగిపోతే పడవకేసే జిగురుతో అతికించేను. అన్నీ సూసి తీసుకో."

ఒక్కో అతుకునీ వేలితో తట్టి చూపించాడే తప్ప ఒక్క మాటా పొగడలేదు. ఇంతగా మార్చింది కొనాలా వద్దా అనుకుంటూ యాంప్‌కి తగిలించి మీటాను. గది నిండా మోగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మరెందుకన్నా అమ్మేస్తన్నావు?" అన్నాను.

ఆయన గబగబా మూత పెట్టి స్క్రూలు బిగించసాగాడు.

బేరమాడకుండా కొన్నాను. ఆ మూత నేనింతవరకూ విప్పలేదు.