క్లిక్కుల చదివింపులు

కువైట్‌లో, రిగ్గైలో ఉన్న మా ఫ్లాటుకి ఆ పొద్దున వచ్చిన ఈమెయిల్ నేను చదవలేదు. నా చదువు మూడో తరగతితో ఆగింది, ఇంగ్లీషు రాదు. కానీ అమ్మాయి మొహం చూడగానే ఏదో పోయిందని తెలిసింది.

అమ్మాయికి వంటల వెబ్‌సైటు ఉండేది. చిన్న వంటింట్లో, తక్కువ గ్యాసుతో, ఏదీ పారేయకుండా వండడం ఎలాగో అందులో రాసేది. చెప్పేది నేను. ఆ పేజీల్లో మూడు కంపెనీల ప్రకటనలు కలిపి పెట్టుకుంది. ఒకటి ఎవరైనా నొక్కితే డబ్బిచ్చేది. ఇంకోటి ఊరికే కనిపించినందుకు చిల్లర ఇచ్చేది. మూడోది మన పేజీలోంచి వెళ్లి ఎవరైనా కుక్కరో మూకుడో కొంటే కమీషన్ ఇచ్చేది. మూడింట్లోనూ నొక్కితే వచ్చేదే ఎక్కువ. దజీజ్‌లో అల్లుడు పనిచేసే గోదాములో జీతాలు ఆగిపోయాక మనవరాలి స్కూలు ఫీజు దాని మీదే నడుస్తోంది.

"దొంగ క్లిక్కులంట. ఆ నొక్కితే డబ్బిచ్చే కంపెనీవాళ్లు ఖాతా ఆపేశారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట," అంది అమ్మాయి. వెంటనే అల్లుడి వైపు తిరిగింది. "గోదాములో ఖాళీగా కూర్చుని మీరే నొక్కారా?"

"నాకేం పని లేదా?"

"ఉంటే జీతమిచ్చేవాళ్లు కదా!"

అల్లుడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తలుపు చప్పుడుకి నా చేతిలో పప్పుగుత్తి ఆగిపోయింది. నొక్కించింది నేనే.

ప్రతి శుక్రవారం మా గోదావరి వైపు ఆడవాళ్లం ఎవరో ఒకరింట్లో చేరి లలితా సహస్రనామం చదువుకునేవాళ్లం. ప్రసాదం పంచాక నేనే చెప్పేదాన్ని, ఇంటికెళ్లి అమ్మాయి పేజీ తెరిచి ప్రకటనల మీద రెండేసి సార్లు నొక్కమని. మరిచిపోతారని వారానికి నలుగురి చొప్పున వంతులు కూడా వేశాను. పెళ్లిలో చదివింపులు చదివించమా? ఇదీ అలాంటిదే అనుకున్నాను. పైసా ఖర్చు లేని సాయం కనుక ఇంకా మంచిదనుకున్నాను.

పప్పు దించి, ఉన్నదంతా చెప్పేశాను.

అమ్మాయి అరవలేదు. అరిచినా బాగుండేది. "అమ్మా, నొక్కిన ప్రతిసారీ ఆ ప్రకటన ఇచ్చిన కొట్టువాడు డబ్బు కడతాడు. వస్తువు కావాల్సినవాళ్లు వచ్చారనుకుని కడతాడు. నువ్వు పంపినవాళ్లకి ఆ వస్తువే అక్కర్లేదు. దీన్నేమంటారు?"

కూరగాయల బేరంలో నేను ఒక్క ఫిల్సు, అంటే ఇక్కడి పైసా, వదలను, ఎవరి ఫిల్సూ ఉంచుకోను. అలాంటి నేను ఎవరో కొట్టువాడి డబ్బు తీయించాను.

వెంటనే ఫోన్లు మొదలుపెట్టాను. ఆ వారం వంతు వచ్చిన కోనసీమావిడ నన్ను మాట్లాడనిస్తేనా!

"ఆయ్, పిన్నిగారూ, మీరేం బెంగెట్టుకోకండి. రెండేంటని పదేసి నొక్కేత్తన్నానండి. మా ఆయన సెల్లులోంచి కూడానండి."

"తల్లీ, ఆపు. ముందు చెయ్యి తియ్యి."

"అదేంటండి, తప్పు సోట నొక్కానా?"

తప్పు నాదని చెప్పి పెట్టేశాను.

సాయంత్రం అమ్మాయి సంజాయిషీ రాయడానికి కూర్చుంది. ఎవరో తెలియనివాళ్లు చేశారని రాస్తే వదిలేస్తారేమో అంది. జరిగింది జరిగినట్టే రాయమన్నాను.

"నిజం రాస్తే ఖలాస్ అమ్మా. ఫీజెవరు కడతారు?"

"అబద్ధమాడి కట్టిన ఫీజుతో దానికేం చదువబ్బుతుంది? రాయి."

అమ్మాయి రాసి పంపింది. అన్నానికి వచ్చిన అల్లుడితో కూడా తప్పు నాదేనని చెప్పాను.

రెండు రోజులు ముగ్గురం పొడిమాటలతో గడిపాం. మూడో రోజు జవాబొచ్చింది. ఖాతా పూర్తిగా మూసేశారు. ఆ నెల రావాల్సినదీ ఇవ్వరట. ఊరెళ్లడానికి టికెట్టుకని దాచుకున్నది తీసి ఫీజుకిచ్చాను. ఆ ఏడు నేను ఊరెళ్లలేదు.

ప్రకటన తీసేసిన చోట పేజీలో తెల్లగా ఖాళీ మిగిలింది. అక్కడ ఇంకో కంపెనీది పెడతానంది అమ్మాయి.

"ముందు వాళ్ల షరతులన్నీ తెలుగులో చెప్పు," అన్నాను.

"అన్నీనా? గంట పడుతుంది."

"పడనీ."

చదువుతూ, చెప్తూ పోయింది. ఇంటివాళ్లూ తెలిసినవాళ్లూ నొక్కకూడదన్న చోట ఆపి, మళ్లీ చెప్పించుకున్నాను. శుక్రవారం సహస్రనామానికి వచ్చే ఆడవాళ్లందరి ముందూ ఒప్పజెప్పాల్సింది నేనే కదా.