కొనలేక గొట్టం వంకర

తుపాకీతో ఒకసారి ఘోరం చేశాను అనగానే మీరు రక్తం ఊహించుకుంటారని తెలుసు. అంత లేదు. నా ఘోరంలో గుండు పేలలేదు, జింకకు గీత కూడా పడలేదు. పోయిందల్లా నా కంటిచూపు మీద జనానికున్న నమ్మకం, దాంతోపాటు నా పరువు. రెండోది ఎలాగూ పెద్దగా ఉండేది కాదు.

కెనడాలోని గ్వెల్ఫ్ ఊళ్ళో చదువుకునే రోజులవి. ఏ బస్సెక్కినా సగం మంది మనవాళ్ళే. ఒక గదిలో నలుగురం. సాయంత్రాలు నేను కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. అక్కడి సూపర్‌వైజరు డగ్ ఏటా నవంబరులో ఉత్తరాన అడవిలో ఉన్న తమ క్యాంపుకు జింకల వేటకు వెళ్ళేవాడు. ఆ ఏడు క్యాంపులో ఒక మంచం ఖాళీ అయింది.

"లైసెన్సు, రైఫిలు తెచ్చుకో, ఆ మంచం నీదే" అన్నాడు డగ్.

మంచం అన్న మాటకే నేను సగం పడిపోయాను. గదిలో నాకున్నది పరుపు మాత్రమే, అదీ నేలమీద. సేఫ్టీ కోర్సు చేశాను, పరీక్ష పాసయ్యాను, నెలల తరబడి పోస్టుడబ్బా తెరిచి మూశాను. సీజను వారంలో ఉందనగా లైసెన్సు వచ్చింది. డగ్ మామగారు వాల్టర్ తన పాత సింగిల్ షాట్ రైఫిలు అమ్ముతున్నాడని తెలిసింది. దాన్ని మధ్యకు మడిస్తే గొట్టం వెనక భాగం తెరుచుకుంటుంది. ఒకే ఒక్క గుండు పెట్టి మూసేయాలి. నా బుర్రకు సరిపోయే యంత్రం.

రైఫిలు నాణ్యత ఎలా చూడాలో చెప్పే వీడియోలు పద్నాలుగు చూశాను. బేరానికి మాత్రం వీడియోలు అక్కర్లేదు, ఆ విద్య మా అమ్మ దగ్గరే అబ్బింది. చీరలకొట్టులో అమ్మ ఏ చీరను ఎక్కువ తిడితే అదే మా ఇంటికి వస్తుంది.

తోడుగా మా రూమ్మేటు శీను వచ్చాడు. వరంగల్లు వాడు. కారులోనే ఉపదేశం మొదలుపెట్టాడు.

"అరేయ్, మంచిగున్నదని మొఖంల కనిపియ్యకు. వంక పెట్టాలె. ఒక్కో వంకకు ఇంత తగ్గుతది."

"తుపాక్కి ఏం వంక పెడతాం రా?"

"నువ్వే కదరా పద్నాలుగు వీడియోలు చూసినవ్!"

వాల్టర్‌కు డెబ్బై ఎనిమిదేళ్ళు. గరాజ్‌లో బల్లమీద రైఫిలును తెరిచి, ఖాళీగా ఉందని చూపించి నా చేతికిచ్చాడు. లైటు వేసి గొట్టంలోకి చూశాను. కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. మూస్తే ఠక్కున బిగుసుకుంది. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా గుండె ఎగిరింది. మొహం మాత్రం చేదుమాత్ర మింగినట్టు పెట్టాను.

"లోపల కాస్త తుప్పు ఉన్నట్టుంది సార్."

(మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. అప్పటి నా ఇంగ్లీషు మీకు చూపించలేక తెలుగులో రాస్తున్నాను.)

వాల్టర్ ముఖం వాడిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకుని గొట్టంలోకి చాలాసేపు చూశాడు. "నాకు కనబడటం లేదు. కానీ నావి ముసలి కళ్ళు, నీవి కుర్ర కళ్ళు. నువ్వన్నదే నిజమై ఉంటుంది."

"పడ్డడు రా" అన్నాడు శీను తెలుగులో. "ఇంకోటెయ్."

"మూసినా కొంచెం ఊగుతోంది సార్."

వాల్టర్ స్టూలు మీద కూలబడ్డాడు. "పోయినేడు దీంతో మా మనవడు కాల్చాడు, వాడి చేతిలోనే పేలి ఉంటే" అన్నాడు మెల్లగా.

అక్కడ ఆగాల్సింది. ఆగితే ఇది రాసే పని ఉండేది కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చవగ్గా కొనలేక మూడో మాట అనేశాను.

"గొట్టం కూడా కాస్త వంకర."

వాల్టర్ లేచాడు. పసిపిల్లను తీసుకున్నట్టు నా చేతిలోంచి రైఫిలు తీసుకున్నాడు. "ఇది అమ్మను. రేపే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు చూపిస్తాను. నా ప్రాణం కాపాడావు బాబూ."

"బేరమే రా, నడువ్" అని గొణిగాడు శీను. "పది అడుగులేస్తే మనల్నే పిలుస్తడు."

మన బజారులో ఆ ఘట్టం ఎలా ఉంటుందో మీకు తెలుసు. కొనేవాడు కదులుతాడు, అమ్మేవాడు "రండి సార్, ఎంతిస్తారు?" అంటాడు. మేమూ కదిలాం. పది అడుగులు వేశాం. బూటులో రాయి పడ్డట్టు నటించి ఇంకో రెండు నిమిషాలు ఆగాం. వెనక చప్పుడైంది. ఆశగా తిరిగి చూస్తే గరాజ్ తలుపు కిందికి దిగుతోంది.

పరుగెత్తాను. "సార్! గొట్టం నిటారుగానే ఉంది సార్! తుప్పు కూడా లేదు!"

"మర్యాద కోసం అంటున్నావు" అన్నాడు వాల్టర్ సగం దిగిన తలుపు కిందనుంచి. "మంచి పిల్లాడివి."

శుక్రవారం షిఫ్టులో డగ్ నా దగ్గరకొచ్చాడు. "గన్‌స్మిత్ చూశాడట. తుప్పు లేదు, వదులు లేదు, వంకర లేదు."

"అయితే నేను కొనుక్కోవచ్చా?"

"నిటారుగా ఉన్నదాన్ని వంకర అనేవాడు తుపాకీ పట్టుకుంటే పక్కన నిలబడతామని క్యాంపులో ఎవరూ అనడం లేదు" అని కళ్ళ డాక్టరు కార్డు చేతిలో పెట్టాడు. "మంచం నీదేలే. ఉల్లిపాయలు తరగడానికి అంత చూపు అక్కర్లేదు."

కళ్ళ పరీక్షలో నా చూపు గద్ద చూపని తేలింది. ఆ కాగితం చూపిస్తే నేను అబద్ధాలకోరును, దాచేస్తే గుడ్డివాణ్ణి. బాగా ఆలోచించి పవర్ లేని కళ్ళద్దాలు కొనుక్కున్నాను. ఆ సీజనంతా వాటితోనే ఉల్లిపాయలు తరిగాను. ఏడ్చినా ఎవరూ ఏమీ అనుకోలేదు.

మరుసటేడు వాల్టరే పిలిచి మళ్ళీ రైఫిలు చేతికిచ్చాడు. "ఇప్పుడెలా ఉంది?"

"అద్దంలా ఉంది సార్. దారం కట్టి గీసినంత నిటారు." అడిగినంతా ఇచ్చేశాను.

వాల్టర్ డబ్బు జేబులో పెట్టుకుని, నా ముక్కుమీది కళ్ళద్దాలు తీసి వెలుతురుకు పట్టాడు. "కిటికీ అద్దం" అన్నాడు. "నేను నలభై ఏళ్ళు పాత ట్రాక్టర్లు అమ్మాను బాబూ. ఏ గన్‌స్మిత్ దగ్గరికీ వెళ్ళలేదు. ఇంతకీ ఆ రోజు ఎంతకు అడుగుదామనుకున్నావు?"

చెప్పాను.

"ఒక్క తుప్పుతో ఆగి ఉంటే అంతకే ఇచ్చేవాణ్ణి" అన్నాడు.

అక్కడికక్కడే, తెరిచి ఉన్న ఆ తుపాకీ సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో అమ్మేవాడి ఎదుట వస్తువుకు వంక పెట్టను. పుచ్చువంకాయ కనబడినా "ఆహా, ఏం నిగారింపు!" అంటాను. నేటికీ ఆ వ్రతానికి భంగం రాలేదు. మా ఆవిడ మాత్రం నన్ను కూరగాయలకు పంపడం మానేసింది.